మాట తెగిన చోటు

తెలుగు పాఠం చెప్పుకునేవారికి కంప్యూటర్ తీగలతో పనియేమని గత విద్యాసంవత్సరంలో పలువురు మమ్ము అడిగారు. కొందరు ముఖాముఖిగా అడిగారు. కొందరు మేము లేని వేళ అధ్యాపకుల గదిలో అడిగినట్లు విన్నాము. వారికి సమాధానం చెప్పవలెనని కాదు గాని, వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గం వారు రెండు పర్యాయాలు కోరినందువల్ల, ఆ పని యెట్టిదో, అందులో మా కంటబడినది యేమిటో ఇక్కడ వ్రాస్తున్నాము. ఇది సాంకేతిక వ్యాసం కాదు. అట్టిది వ్రాయగలవారు మన కంప్యూటర్ విభాగంలోనే ఉన్నారు. కాని తెగినది అక్షరమైనప్పుడు భాషాధ్యాపకుణ్ణి పిలవడం న్యాయమే గదా!

మన కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారూ, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారూ ఒకే బల్లలమీద కూర్చుంటారన్నది అందరికీ తెలిసినదే. ఒకే బల్లమీద కూర్చున్నంత మాత్రాన ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని కాదు. ఈ సంగతి గమనించిన తృతీయ సంవత్సరపు కంప్యూటర్ విద్యార్థులు నలుగురు, పరీక్షలతోగాని మార్కులతోగాని సంబంధం లేకుండా, కేవలం అభిరుచి చేత, ఒక సంభాషణ ప్రోగ్రామును వ్రాయ సంకల్పించారు. ప్రయోగశాలలోని కంప్యూటర్ల ముందు కూర్చుని ఉర్దూవారు ఉర్దూ లిపిలో, తెలుగువారు తెలుగు లిపిలో వ్రాసుకుంటే, ఒకరి మాట మరొకరి తెరమీద కనబడాలన్నది వారి ఊహ. "వాట్సాప్ ఉండగా ఇదెందుకయ్యా?" అని మేము అడిగితే, "వాట్సాప్ లోపల ఏం జరుగుతుందో మనకు చూపించదు గదా సార్" అన్నారు. ఆ ఒక్క మాటకు మేము వారి పక్షం చేరిపోయాము.

వారు ఎన్నుకున్న పద్ధతి పాతది. 1988 ఆగస్టులో ఫిన్లాండు దేశంలోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే యువకుడు రూపొందించిన ఇంటర్నెట్ రిలే చాట్ అది. పొడి అక్షరాలలో ఐ.ఆర్.సి. అంటారు. 1991లో గల్ఫ్ యుద్ధ సమయంలోనూ, అదే సంవత్సరం ఆగస్టులో మాస్కోలో అధికారాన్ని చేజిక్కించుకొనేందుకు కుట్ర జరిగినప్పుడూ అక్కడి వార్తలు ఈ మార్గాన లోకానికి చేరినవి. 1993 మేలో దాని నియమావళిని ఆర్.ఎఫ్.సి. 1459 అనే పత్రంగా ప్రకటించారు. ఈనాటి వాట్సాప్ వంటి వాటి ముందు ఇది ఎద్దుబండి వంటిదే. అయితే ఎద్దుబండికి ఏ కీలు ఎక్కడున్నదో కంటికి కనబడుతుంది. విరిగితే ఊరిలోనే బాగుచేయించుకోవచ్చును. నేర్చుకునేవారికి అంతకంటె కావలసినదేమున్నది?

ఆ నియమావళిలో భాషాభిమానులకు వినోదం కలిగించే ఒక చిన్న నియమం ఉన్నది. చతురస్రపు కుండలీకరణాలు పెద్దబడి అక్షరాలట. మీసాల కుండలీకరణాలు వాటికే చిన్నబడి రూపాలట! కారణం చూస్తే విచిత్రమేమీ లేదు. ఆ కాలపు స్కాండినేవియా కంప్యూటర్లలో ఆ గుర్తుల స్థానాలలో వారి భాషకు ప్రత్యేకమైన అచ్చులు ఉండేవి. తన భాషలోని రెండు మూడు అక్షరాల కోసం ఒక దేశపువాడు ప్రపంచమంతటి నియమావళిలో ఒక వాక్యం వ్రాయించినాడు. మన అక్షరాల సంగతి ఆ పత్రంలో లేదు; ఉండవలెననడం కూడా అన్యాయమే. తెలుగు అక్షరాలకు యూనికోడులో స్థానం లభించినది 1991లోనే అయినా, ఆ రోజులలో అమెరికాలోని తెలుగువారు కంప్యూటర్ చర్చలలో తమ భాషను రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో రోమను లిపిలోనే వ్రాసుకునేవారు.

ఇక కనెక్షను కథకు వద్దాము.

మొదటి నెల అంతా ప్రోగ్రాము బయటి లోకంతో మాటాడనే లేదు. విద్యార్థులు ఏ పాత పాఠాన్ని చూచి వ్రాశారో, అందులో ఫ్రీనోడ్ అనే సర్వరు చిరునామా ఉన్నది. ఆ ఫ్రీనోడ్ నిర్వాహకులు యాజమాన్యంతో వచ్చిన తగవు వల్ల 2021 మేలో మూకుమ్మడిగా వైదొలగి, ఆ నెల 19వ తేదీన లిబెరా చాట్ అనే కొత్త నెలవును ఏర్పరచుకున్నారు. ఊరు తరలిపోయిన తరువాత కూడా పాత గ్రామం పేరుతో ఉత్తరాలు వ్రాసినట్లయినది. చిరునామా సరిచేశారు. అప్పటికీ "కనెక్ట్ కావడం లేదు" అన్న మాటే.

ఇక్కడ మేము విద్యార్థులను అడిగినది ఒకే ప్రశ్న: "కావడం లేదు అంటే ఏ విధంగా కావడం లేదు?" వ్యాకరణం చెప్పేవారికి ఇది అలవాటు. పద్యం కుదరలేదని విద్యార్థి అంటే, గణం తప్పినదా, యతి తప్పినదా, అన్వయం చెడినదా అని అడుగుతాము. కనెక్షను చెడడంలో కూడా ఇట్టి భేదాలున్నవి. మొదటిది, పేరు తెలియకపోవడం. సర్వరు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పే డి.యన్.యస్. వ్యవస్థ 1983 నుండి ఉన్నది. అది జవాబు చెప్పకపోతే మన ప్రయాణం గడప దాటనే లేదని అర్థం. రెండవది, తిరస్కారం. మూడవది, మౌనం.

ఈ చివరి రెంటికీ గల భేదాన్ని మేము మన ఇళ్ళ మర్యాదతో చెప్పాము. ఒకరింటికి వెళ్ళి తలుపు తట్టి సలాం చెప్పారనుకోండి. లోపలినుండి "మీరు అడిగేవారు ఇక్కడ లేరు" అని జవాబు వస్తే మనస్సు చివుక్కుమన్నా ఎన్నో సంగతులు తెలిసినట్లే: ఇల్లు ఉన్నది, దారి సరియైనదే, లోపల మనుషులున్నారు, అడిగినవారు మాత్రమే లేరు. కంప్యూటర్ "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే చెప్పినప్పుడు సాధారణంగా జరిగినది ఇదే. ఆ యంత్రం బ్రతికి ఉన్నది. మనం తట్టిన పోర్టు దగ్గర మాత్రం వినేవారు లేరు. అలా కాక ఎంత తట్టినా చప్పుడు లేకపోతే? ఇల్లు ఖాళీయో, దారే తప్పో, లేక వీధి మొగలోనే ఎవరో మనల్ని ఆపివేస్తున్నారో చెప్పలేము. మూడుసార్లు అనుమతి అడిగి జవాబు రాకుంటే వెనుదిరగమని మన పెద్దలు హదీసును అనుసరించి నేర్పారు. కంప్యూటర్ మనకంటె ఓపిక కలది. ఒక సెకను ఆగి, రెండు సెకనులు ఆగి, నాలుగు ఆగి, ఇట్లు ఎడము పెంచుకుంటూ నిమిషానికి పైగా తట్టి అప్పుడు "టైమౌట్" అంటుంది.

మా ప్రయోగశాల నుండి వచ్చినది మౌనం. 6667 అనే పోర్టుకు పోయిన పిలుపులన్నీ కళాశాల ఫైర్‌వాల్ దగ్గరే, కాదనిగాని ఔననిగాని చెప్పకుండా, అణగారిపోతున్నవని తేలినది. ఆ నిర్ణయాన్ని మేము తప్పుపట్టము. చెడ్డ ప్రోగ్రాములు వేల కంప్యూటర్లను లోబరచుకొని ఈ మార్గాననే ఆజ్ఞలు అందుకున్న కాలం ఉన్నది కనుక చాలా సంస్థలు దీనిని మూసివేశాయి. అప్పుడు విద్యార్థులు ఒక మంచి పని చేశారు. బయటి ద్వారం తెరవమని అర్జీలు వ్రాస్తూ కూర్చోక, అటకెక్కించిన ఒక పాత కంప్యూటరును దించి, స్వేచ్ఛా సాఫ్టువేరుగా లభించే చిన్న సర్వరును దానిలో నెలకొల్పారు. ప్రయోగశాలలోని యంత్రాలన్నీ ఒకే స్విచ్‌కు కలిసి ఉన్నవి. ఇక సముద్రాలు దాటనక్కరలేదు.

సంభాషణకు కూడే చోటుకు ఏ పేరు పెట్టాలన్నదానిపై కొంత వాదం జరిగినది. 'గోష్ఠి' అని కొందరు, 'మెహ్‌ఫిల్' అని కొందరు. చివరకు ఇరుపక్షాల ఇళ్ళలోనూ వాడుకలో ఉన్న 'బైఠక్' నిలిచినది. దానిని రోమను లిపిలోనే వ్రాశారు. ఎవరి పేరుకు వారు పెట్టుకునే 'నిక్' విషయంలో వాదమే లేదు. పాత నియమావళి ప్రకారం అది రోమను లిపిలోనే, 9 అక్షరాలకు మించక ఉండాలి. ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకులు దీనిని చూచి, "ఇది తఖల్లుస్ కదా భాయ్!" అని మురిసిపోయారు. కవులలోవలెనే ఇక్కడ కూడా ఒకరు పెట్టుకున్నది మరొకరు పెట్టుకోరాదు. పెట్టుకోబోతే సర్వరు 433 అనే అంకెతో అభ్యంతరం చెబుతుంది. ఆ అంకెను ప్రోగ్రాము పట్టించుకోనందువల్ల ఒకే నిక్ పెట్టుకున్న ఇద్దరిలో రెండవవాడు లోపలికి పోలేక, పోయాననే భ్రమలో, ఒక మధ్యాహ్నమంతా ఎవరికీ వినబడని కబుర్లు చెప్పాడు.

లోపలికి పోయినవారు నిలవకపోవడం తరువాతి బాధ. సర్వరు అప్పుడప్పుడు 'పింగ్' అని పిలుస్తుంది. ప్రోగ్రాము 'పాంగ్' అనాలి. అనకపోతే మనిషి లేడనుకొని పేరు కొట్టివేస్తుంది. (1983లో మైక్ మూస్ వ్రాసిన పింగ్ అనే ప్రోగ్రాము వేరు, జలాంతర్గాముల ధ్వని పేరు దానికి పెట్టాడు. పేరు ఒకటే అయినా పని ఒకటి కాదు.) మన విద్యార్థుల ప్రోగ్రాములో ఒక వింత జరిగేది. ఎడతెగక మాట్లాడేవారు నిలిచి ఉండేవారు. నోరు మెదపక ఇతరుల మాటలు చదివేవారు కొద్ది నిమిషాలలో వెలి అయ్యేవారు. కొందరు దీనిని నెట్‌వర్క్ దోషమన్నారు. నిజానికి ప్రోగ్రాము కీబోర్డు వైపు చెవి పెట్టి, మీట నొక్కేవరకు మరోవైపు తిరిగి చూడదు. మాట్లాడేవాడు ప్రతి వాక్యానికీ మీట నొక్కుతాడు కనుక దానికి మధ్యమధ్య మెలకువ వచ్చి పాంగ్ చెప్పేది. వినేవాని దగ్గర అది నిద్రపోయేది. రెండు పనులకూ రెండు దారాలు వేసిన తరువాత మౌనంగా వినేవారికి కూడా సభలో చోటు దక్కినది.

ఇంతవరకు జరిగినది కంప్యూటర్ విభాగం వారి వ్యవహారమే. మా అవసరం కలిగినది ఆ తరువాత.

ప్రథమ సంవత్సరం బి.ఎ.లో స్పెషల్ తెలుగు చదివే విద్యార్థిని ఒకామె బైఠక్‌లో చేరినది. చక్కని తెలుగు వ్రాస్తుంది. వాక్యం కొంచెం దీర్ఘంగా వ్రాస్తుంది. ఆమె నాలుగైదు పంక్తుల వాక్యం వ్రాసి పంపగానే గదిలో ఉన్న అందరి ప్రోగ్రాములూ ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆమె తెరమీద మాత్రం వాక్యం పూర్తిగా కనబడేది. దాని క్రింద ఒకరి తరువాత ఒకరుగా అందరూ వెళ్ళిపోయినట్లు సర్వరు ప్రకటనలు వచ్చేవి. తాను మాట్లాడగానే సభ అంతా లేచిపోయినట్లన్న మాట! రెండుసార్లు, మూడుసార్లు ఇదే జరిగినది. నవ్వులాటగా మొదలైనది, ఆమె వ్రాయబోతే "ఆగండి, ఆగండి, మమ్మల్ని సేవ్ చేసుకోనివ్వండి" అనేవరకు వచ్చినది. నాలుగవ రోజునుండి ఆమె రావడం మానివేసినది.

దానితో మాట మరొక దారి పట్టినది. ఉర్దూలో వ్రాసేవారి మాటలు తెగడం లేదు, తెలుగువారివే తెగుతున్నవి, ప్రోగ్రాము వ్రాసిన నలుగురిలో ముగ్గురు ఉర్దూవారు, కనుక... అని గొణుగుడు బయలుదేరినది. అవతలివారు ఊరుకుంటారా? "తెలుగువాళ్ళు సంగతి చెప్పడానికి ఊరంతా తిరుగుతారు, మేము ఏం చేస్తాం" అన్నారు. రెండు పక్షాలవారూ మా దగ్గరకే వచ్చారు. మేము ఇంట ఉర్దూ మాట్లాడి తరగతిలో తెలుగు చెప్పేవారము కావడం చేత, ఇరువురూ మమ్ము తమవారిగానే లెక్కించారు. చిన్న సంగతే. కాని యిట్టి చిన్న సంగతులు పరిష్కారం కాకుండా సెలవులకు ఇంటికి పోతే, తిరిగి వచ్చేటప్పటికి చిన్నవిగా ఉండవు. ఎవరు మంచివారో విచారించే ముందు ఏ బైటు తప్పిపోయినదో విచారించమని ఇరువురికీ చెప్పాము.

విచారణ ఇట్లా సాగినది. మొదట ప్రోగ్రామును పక్కనబెట్టి, నెట్‌క్యాట్ అనే చిన్న పనిముట్టుతో సర్వరుకు నేరుగా కనెక్ట్ అయి, ఆజ్ఞలను చేతితోనే వ్రాసి చూశారు. అప్పుడు ఆమె వ్రాసినటువంటి దీర్ఘవాక్యం వచ్చినా కనెక్షను చెక్కుచెదరలేదు. అనగా తీగలోగాని స్విచ్‌లోగాని సర్వరులోగాని లోపం లేదు. పోయేది కనెక్షను కాదు, ప్రోగ్రామే ప్రాణం విడుస్తున్నది, దాని వెంట కనెక్షను పోతున్నది. తరువాత, వచ్చిన ప్రతి బైటును అక్షరంగా మార్చక మునుపే అంకెగా ఒక ఫైలులో వ్రాసిపెట్టే ఏర్పాటు చేశారు. ఆ ఫైలును అచ్చుతీసి మా బల్లమీద పరిచారు.

తెలుగు వాక్యాన్ని అంకెలలో చూడడం మాకు అదే ప్రథమం. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనేవారు న్యూజెర్సీలో ఒక హోటలు బల్లమీద, కంచం క్రింద పరచే కాగితంపై గీసుకొని తయారుచేసిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు పడుతవి. మొదటిది ఎప్పుడూ 224. రెండవది 176 లేదా 177. మూడవది మారుతుంది. 'క' అంటే 224, 176, 149. పుటనిండా 224, 176, 224, 177 అని తాళం వేసినట్లు నడుస్తున్నది. ఉర్దూ అక్షరాలకు 2 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఒకటి. ఇదెంత తేడా తెస్తుందో చూడండి: సలాం అనే మాట ఇంగ్లీషు లిపిలో 5 బైట్లు, ఉర్దూలో 8, తెలుగులో 12. మన 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరమే అయినా యంత్రానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం కలిసి ఆరు గుర్తులు, 18 బైట్లు. ఉర్దూలో 'ఔరత్' నాలుగు అక్షరాలు, 8 బైట్లు.

ఇప్పుడు నియమావళిలోని మరొక వాక్యాన్ని చదవాలి. ఐ.ఆర్.సి.లో ఏ సందేశమైనా 512 బైట్లకు మించరాదు. చివర పంక్తి ముగిసినదని చెప్పే 13, 10 అనే రెండు బైట్లు అందులోనివే. పంపినవారి నిక్, వారి యంత్రం చిరునామా, బైఠక్ పేరు సర్వరు ముందు చేర్చి పంపుతుంది కనుక మా గదిలో మరొక 50 వరకు వాటికే పోతవి. మిగిలినవి సుమారు 460. ఇంగ్లీషులో 460 అక్షరాలు, ఉర్దూలో 230, తెలుగులో 153 గుర్తులు! ఒత్తులు, గుణింతాలు పోతే ఎనభై తొంభై అక్షరాలు మిగిలితే గొప్ప. మించినదానిని సర్వరు, పంపినవారికి మాటమాత్రమైనా చెప్పకుండా, కత్తిరించివేస్తుంది. కత్తి ఎక్కడ పడుతుందో దానికి పట్టదు. తెలుగులో గుర్తు నడుమ పడే అవకాశం మూడింట రెండు వంతులు; ఉర్దూలో సగం; ఇంగ్లీషులో లేనేలేదు.

అచ్చుతీసిన కాగితంలో వాక్యం చివర 224, 176 ఉన్నవి. వెంటనే 13, 10. మూడవ అంకె లేదు. వెదకి పట్టినది ప్రోగ్రాము వ్రాసిన ముగ్గురు ఉర్దూ విద్యార్థులలో ఒకరు. ఆ సగం తెగిన గుర్తును అక్షరంగా మార్చబోయి, మార్చలేక, పైథాన్ భాషలోని వారి ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయినది. సందేశం అందుకున్న వారందరి దగ్గరా ఒకే ప్రోగ్రాము కనుక అందరూ ఒక్కసారే పడిపోయారు. పంపినవారి మాటను సర్వరు తిరిగి వారికే పంపదు. కనుక ఆమె ఒక్కతే నిలిచినది.

మందు వేయడం సులభమే. తెగిన గుర్తు వస్తే ప్రాణం విడువక దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకపు గుర్తు చూపడం మొదటిది. వచ్చిన బైట్లను పంక్తి ముగిసేవరకు కూడబెట్టి, ఆ తరువాతనే చదవడం రెండవది. ఇది మాకు ఎంతో నచ్చినది. కనెక్షను మీద బైట్లు ఎడము లేకుండా ఒక ప్రవాహంగా వస్తవి. ఒకసారి అర పంక్తి అందవచ్చు, మరొకసారి పంక్తిన్నర. తాళపత్రాలలో పదానికీ పదానికీ నడుమ ఎడము లేకుండా వ్రాసేవారు. ఆకు ముగిసినచోట మాట ముగియదు. తరువాతి ఆకు తిప్పి కలుపుకొని చదవాలి. పరిష్కర్తలు చేసే పనే ఇది.

మూడవది, పంపేముందే దీర్ఘవాక్యాన్ని ముక్కలుగా విడదీయడం. విద్యార్థులు గుర్తుకూ గుర్తుకూ మధ్య తెగేటట్లు వ్రాసి, పని అయినదన్నారు. అక్కడ మాత్రం మేము అంగీకరించలేదు. గుర్తు తెగకపోవచ్చును, అక్షరం తెగుతున్నది. 'స్త్రీ' అన్నది 'స్త్' అని ఒక సందేశంలోనూ, 'రీ' అని మరొక సందేశంలోనూ వస్తే, చదివేవారు ఏమని చదవాలి? యంత్రానికి అది లోపం కాదు, తెలుగుకు లోపమే. ఈ విషయంలో మేము ఒంటరివారము కామని తరువాత తెలిసినది. సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా పట్టి ఉంచవలెననే నియమాన్ని తెలుగు, హిందీ, బెంగాలీ మొదలైన లిపులకు యూనికోడు వారు 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 సంచికలో చేర్చారు. అంతకు పూర్వపు నియమాల ప్రకారం 'స్త్రీ' మూడు ముక్కలు. వీలైనంతవరకు పదాల మధ్య ఖాళీలో విరవాలని, పదమే మితిమీరి పొడవైతే అక్షరం చివర విరవాలని తీర్మానించుకున్నాము. ఆ భాగాన్ని వ్రాయడానికి వారికి నాలుగు సాయంత్రాలు పట్టినది. మేము సంయుక్తాక్షరాల పట్టిక ఒకటి వ్రాసి ఇచ్చాము, బి.ఎ. తరగతికి చెప్పే పాఠం బి.యస్సీ. గదిలో చెప్పవలసి వచ్చినది.

అంకెల కాగితం చూచిన తరువాత కూడా కొందరికి నమ్మకం కుదరలేదు. అందుచేత పాత ప్రోగ్రామును మరల తెరిచి, ఉర్దూ విద్యార్థి ఒకడు ఎడము లేకుండా మూడువందల అక్షరాల ఉర్దూ వ్రాసి పంపాడు. మొదటిసారి ఏమీ కాలేదు. చివర తెగినా గుర్తుల మధ్య తెగినది. ఒక ఇంగ్లీషు చుక్క ముందు చేర్చి మరల పంపాడు. గదిలో అందరూ పడిపోయారు. "మాదీ తెగింది సార్!" అని వాడు కేకవేసినప్పటి సంతోషం పరీక్ష ప్యాసైన రోజున కూడా వాని ముఖంలో మేము చూడలేదు.

తెలుగు విద్యార్థిని దగ్గరకు ఆ నలుగురూ తామే వెళ్ళి, కాగితం చూపి, జరిగినది చెప్పారు. మేము వెంట పోలేదు. మరునాడు ఆమె వచ్చినది. ఇప్పుడు ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా మొదట పరీక్షించేది ఆమెయే. సమాసాలు కూర్చి కూర్చి ఎంత పొడుగు మాట వ్రాయగలదో వ్రాసి, దానిని విరగగొట్టాలని చూస్తుంది. రెండుసార్లు విరగగొట్టినది కూడా.

ఇంకా కొన్ని చిక్కులున్నవి. ఒకే పంక్తిలో ఉర్దూ, తెలుగు కలిపి వ్రాస్తే, ఒకటి కుడినుండి, మరొకటి ఎడమనుండి నడిచి, వాక్యాంతపు చుక్క ఎటు పోవాలో తెలియక ఒక్కొక్క తెరమీద ఒక్కొక్క వైపు నిలుస్తున్నది. కుండలీకరణాల సంగతి చెప్పనక్కరలేదు. దీనిని ఈ సంవత్సరం పట్టుకోవలెనని ద్వితీయ సంవత్సరం వారు అనుకుంటున్నారు. ఉర్దూ శాఖవారి సహాయం లేనిదే సాగదు. కార్యవర్గం వారికి కూడా ఒక చిన్న విన్నపం ఉన్నది. సర్వరుగా వాడుతున్న పాత కంప్యూటరుకు యు.పి.ఎస్. లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ ఏ భాషవారని చూడకుండా అందరి కనెక్షనూ ఒకేసారి పోతున్నది. ప్రయోగశాలలో మూలనపడి ఉన్న రెండింటిలో ఒకదానికి కొత్త బ్యాటరీ వేయించి ఇప్పిస్తే చాలును. బైఠక్ ప్రస్తుతం మంగళ, గురువారాలలో తరగతులు ముగిసిన తరువాత, అసర్ నమాజు వేళ వరకు తెరచి ఉంటుంది.